పాత కంబళి బేరం: డబ్బు పెట్టేది చారలకా, ఉన్నికా?

అమెరికాలో పాతసామాన్ల సంతకు వెళ్లినా, ఆన్‌లైన్ వేలం పేజీ తెరిచినా, కంబళ్లలో ముందు కంటికి తగిలేది ఒకటే. తెల్లటి నేల మీద ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలి పట్టీలు: కెనడాలో బొచ్చుతోళ్ల వర్తకం చేసిన హడ్సన్స్ బే కంపెనీ కంబళి. దాని పక్కనే పేరూ చారా లేని మీగడరంగు కంబళి ఒకటి మడతల్లో నలిగి ఉంటుంది, ధర అందులో చిన్న వంతు. చారిత్రక ట్రెక్కింగ్‌కి కొనేవాళ్లలో చాలామంది మొదటిదాని కోసం డబ్బు కూడబెడతారు. నా లెక్కలో అది తప్పు బేరం. రాత్రి చలి ఆపేది చదరపు మీటరుకు ఎంత ఉన్ని ఉందన్నది, ఆ ఉన్ని ఎంత దట్టంగా అల్లుకుందన్నది. చారలకు ఆ పనిలో వాటా లేదు. పైగా చాలామంది ఎంచుకునే కాలానికి ఆ చారలు చరిత్ర ప్రకారం కూడా కుదరవు.

ఈ సరదా తెలియనివారికి రెండు మాటలు. ఒక కాలాన్నీ ఒక చోటునూ ఎంచుకుని, ఆనాటి మనిషి దగ్గర ఉండగలిగిన సామానుతోనే అడవిలో నడవడం, వండుకోవడం, పడుకోవడం. అమెరికాలో ఎక్కువగా 1750 నుంచి 1840 మధ్య కాలాన్ని పట్టుకుంటారు. కొందరు 1760లలో వర్జీనియా, నార్త్ కరోలినాల నుంచి కొండలు దాటి కెంటకీ, టెనసీ అడవుల్లోకి నెలల తరబడి వేటకు పోయిన లాంగ్‌హంటర్లను అనుసరిస్తారు. ఇంకొందరు 1825 నుంచి 1840 దాకా రాకీ పర్వతాల్లో ఏటా సాగిన రాండెవూ అనే తోళ్ల సంతలకు వచ్చిన, బీవర్ అనే బొచ్చుజంతువును పట్టే వేటగాళ్లను. నైలాన్ గుడారం, స్లీపింగ్ బ్యాగు రెండూ నిషిద్ధం. చలికి మిగిలేవి మంట, కంబళి.

ఇక చారల సంగతి. హడ్సన్స్ బే కంపెనీ పుట్టింది 1670లో. కానీ ఆ కంపెనీ పాయింట్ కంబళ్లు (అంచున పొట్టి గీతలున్నవి) మొదలైంది 1779 చివర్లో, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఉన్న విట్నీ ఊరి థామస్ ఎంప్సన్‌కి ఇచ్చిన 500 జతల ఆర్డరుతో. ఫ్రెంచి వర్తకులు అంతకు ముందే గీతలున్న కంబళ్లు అమ్మేవారు, అది వేరే సంగతి. డేనియల్ బూన్ కంబర్లాండ్ గ్యాప్ మీదుగా కెంటకీలోకి దిగింది 1769లో. అంటే ఆయన్ని అనుకరిస్తూ హడ్సన్స్ బే కంబళి కప్పుకుంటే కనీసం పదేళ్లు ముందుకు దూకినట్టే. పైగా ఆ కంపెనీ వ్యాపారమంతా ఉత్తరాన హడ్సన్ అఖాతం చుట్టూ. కరోలినా వేటగాడికి కంబళి వచ్చింది తూర్పుతీరపు రేవుల్లో దిగిన ఇంగ్లీషు సరుకులోంచి. నాలుగు రంగుల పట్టీలు స్థిరపడింది 1800 ప్రాంతంలో, మూలన కుట్టే లేబుల్ వచ్చింది 1890లో. 1830ల రాకీ పర్వతాల మనిషి వేషమైతే పట్టీల కంబళి తప్పుకాదు. 1770ల ఒహాయో లోయ మనిషికైతే రెండు కొసల్లో ఒక్కో ముదురు పట్టీ ఉన్న తెల్లటి కంబళి చాలు, అదే సరి.

అంచున ఉండే ఆ పొట్టి నీలిగీతల గురించి ఒక కథ అమ్మేవాళ్ల నోట ఇంకా నడుస్తూనే ఉంది: నాలుగు గీతలంటే నాలుగు బీవర్ తోళ్ల ధర అని. కాదు. గీతలు కొలతకు గుర్తు. ఇరవయ్యో శతాబ్దపు కంబళ్లలో మూడున్నర గీతలంటే 63 అంగుళాలకు 81, నాలుగంటే 72కి 90. కంబళ్లు మూటగా కట్టి ఉన్నా విప్పకుండానే సైజు తెలియాలని పెట్టిన ఏర్పాటది.

2025 జూన్ 1న ఆ కంపెనీ చివరి దుకాణాలు కెనడాలో మూతపడ్డాయి. అప్పటి నుంచి ఆ కంబళి జ్ఞాపకచిహ్నం అయిపోయింది. జ్ఞాపకచిహ్నానికి డబ్బు పెట్టేవాళ్లు నిప్పురవ్వలు పడేచోట దాన్ని పరవరు, పరవకూడదు కూడా. అమ్మమ్మ గారింట్లోంచి మీకు ఒకటి వస్తే మాత్రం లేబుల్ ఊడదీయకండి. దాన్ని బట్టి కంబళి వయసు తెలుస్తుంది. కాలానికి పొసగదనుకుంటే దాని మీద చిన్న ఉన్నిగుడ్డ ముక్క పలచగా టాకా వేసుకోండి.

తూకం

అమెరికా అంతర్యుద్ధకాలపు ప్రభుత్వ నిబంధనలో సైనికుడి కంబళి ఇలా ఉండాలని ఉంది: బూడిదరంగు ఉన్ని, నడుమ నాలుగు అంగుళాల నల్లటి యు.ఎస్. అక్షరాలు, పొడవు ఏడడుగులు, వెడల్పు అయిదున్నర, బరువు అయిదు పౌన్లు. అంటే 84 అంగుళాలకు 66. రెండో ప్రపంచయుద్ధపు ఆలివ్ రంగు సైనిక కంబళికీ సరిగ్గా అవే కొలతలు. అది మాత్రం నాలుగు పౌన్ల దగ్గర తూగుతుంది. కొలత అదే అయినా ఎనభై ఏళ్లలో అయిదోవంతు ఉన్ని తగ్గింది. ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, చలిరాత్రికి తేడా బయటపడుతుంది.

లెక్క సులువు. పొడవు, వెడల్పు అంగుళాల్లో గుణించి 1550తో భాగిస్తే చదరపు మీటర్లు వస్తాయి. గ్రాముల బరువును దాంతో భాగించండి. అంతర్యుద్ధపు కంబళి 3.58 చదరపు మీటర్లు, 2,270 గ్రాములు: మీటరుకు 634. యుద్ధకాలపు ఆలివ్ కంబళి: 507 దగ్గర. పడకగదుల కోసం నేసిన మీగడరంగు కంబళి 66కి 90 ఉండి మూడు పౌన్లు తూగితే 355. నా గీత ఇది: 500 పైన ఉంటే పైన కప్పుకోవడానికి కొనండి. 400, 500 మధ్య అయితే రెండోదిగా పనికొస్తుంది. 400 లోపుదాన్ని కుదించే ఉద్దేశం ఉంటేనే తీసుకోండి, ఆ సంగతి కిందకి వద్దాం.

అమ్మేవాడు బరువు రాయడు, అడగాలి. "వెచ్చగా ఉంటుందా" అని అడిగితే ఎవరైనా ఉంటుందనే చెబుతారు. వంటింటి తూకం మీద పెట్టి గ్రాములు చెప్పమనండి, పరిచి టేపుతో కొలిచి రెండు వైపులా చెప్పమనండి, కిటికీకి అడ్డం పట్టి ఒక ఫొటో తీయమనండి. మూడోది అడగ్గానే కొందరు జవాబివ్వడం మానేస్తారు. అక్కడితో ఆ బేరం వదిలేయండి.

ఒట్టి తూకం కూడా మోసం చేయగలదు. వదులుగా నేసి పైన నూగు లేపిన కంబళి, నేశాక వేడినీళ్లలో దట్టించి అట్టకట్టించిన కంబళి ఒకే బరువు ఉండొచ్చు. గాలి వీస్తే మొదటిదాంట్లోంచి దూసుకుపోతుంది. చేతిలో ఉంటే వెలుగుకి పట్టి చూడండి. నేత గళ్లు జల్లెడలా మెరిస్తే వదిలేయండి. నోటికి ఆనించి గట్టిగా ఊదండి, అటువైపు అరచేతికి గాలి ఎంత తగులుతుందో తెలుస్తుంది.

ఉన్నేనా?

1939 నాటి ఉన్ని లేబుల్ చట్టం వల్ల అమెరికాలో ఉన్ని శాతం లేబుల్ మీద ఉండాలి. అక్కడ "రీప్రాసెస్డ్", "రీయూజ్డ్" అనే మాటలు కనిపిస్తే అది పాతబట్టల పీచు తిరిగి వడికిన సరుకు. 1980లో చట్టం మార్చి ఈ రెండు మాటల చోట "రీసైకిల్డ్" పెట్టారు కాబట్టి, పాతమాటలున్న లేబుల్ ఆ లోపుదని గుర్తు. డబ్ల్యూపీఎల్ అని మొదలయ్యే నంబరు ఉంటే దాన్ని తయారీదారుకి ఇచ్చింది 1941, 1959 మధ్య. కంబళి అంతకంటే పాతది కాదన్నంత వరకు నమ్మొచ్చు. అదే నంబరు తర్వాత కూడా వాడుకుంటూ పోవచ్చు గనక కొత్తది కాదని మాత్రం చెప్పలేం.

తిరిగి వడికిన ఉన్నిని షాడీ అంటారు. 1813లో యార్క్‌షైర్‌లోని బాట్లీలో బెంజమిన్ లా మొదలుపెట్టిన పద్ధతి. గుడ్డను చీల్చి పీచుగా మారిస్తే పీచు పొట్టిదవుతుంది, పొట్టిపీచు నూలు గట్టిగా లాగితే విడిపోతుంది. 1861లో అమెరికా సైన్యానికి అంటగట్టిన షాడీ దుస్తులు వానకే పీలికలై పెద్ద రచ్చయింది. ఈ వృత్తికి ఇప్పుడు పెద్ద కేంద్రం మన హర్యానాలోని పానిపట్. ప్రపంచం పారేసిన స్వెట్టర్లు అక్కడ రంగుల వారీగా వేరై, చీలి, వడికి, సహాయ శిబిరాల కంబళ్లుగా తేలతాయి. తుపాను బాధితుడికి అది దేవుడిచ్చిన సరుకే, నాకు దాని మీద చిన్నచూపు లేదు. కానీ ఆ జాతి సరుకే "మిలిటరీ తరహా" అన్న పేరుతో బూడిదరంగులో కొత్త మడతతో కనిపిస్తే, "తరహా" అన్న మాట దగ్గర ఆగండి. పీచు రాలుతుంది, తడిస్తే బలం పోతుంది, రెండు చలికాలాలకి నడుమ పలచబడుతుంది.

లేబుల్ లేకపోతే నిప్పే సాక్షి. అంచు నుంచి రెండు పోగులు లాగండి: ఒకటి పడుగులోంచి, ఒకటి పేకలోంచి. రెండూ విడివిడిగా కాల్చాలి, ఎందుకంటే నూలు పడుగు మీద ఉన్ని పేక వేసిన కంబళ్లు బోలెడు. ఉన్ని ముడుచుకుంటూ మెల్లగా కాలి, మంట తీయగానే ఆరిపోతుంది. వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్లటి గుండు వేళ్లమధ్య నలిపితే పొడి అవుతుంది. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద మిగులుస్తుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసవుతుంది. ఆక్రిలిక్ మసిపొగతో భగ్గుమని మండి గట్టి నల్లముద్ద మిగులుస్తుంది. అనుమానం తీరకపోతే పోగుల్ని గాజు గిన్నెలో తాజా బ్లీచ్‌లో రాత్రంతా ఉంచండి. ఉన్ని పూర్తిగా కరిగిపోతుంది. మిగిలిందేదో అది ఉన్ని కాదు. కంబళిని ఎప్పుడూ బ్లీచ్‌తో ఉతకకూడదన్నదానికి కారణం కూడా ఆ గిన్నెలోనే కనిపిస్తుంది.

నూటికి 80 ఉన్ని ఉంటే నేను అభ్యంతరం చెప్పను. మిగతా 20 నైలాన్ అయితే మంట దగ్గర రవ్వ పడినచోట చిన్న గట్టి మచ్చ పడుతుంది, అంతే. సగం పైన సింథటిక్ అయితే రవ్వ పడ్డ ప్రతిచోటా కరిగిన కన్నమే. అసలు ఇన్ని కిలోలు మోసేది మంట పక్కన నిశ్చింతగా పడుకోవడానికైతే, ఆ ఒక్క గుణం పోగొట్టుకుని బరువు మాత్రం మోయడం ఎందుకు?

దెబ్బతిన్నవి

అన్ని లోపాలూ ఒకటి కావు. చిమ్మెట కొట్టిన కన్నాలు అయిదారు, ఒక్కోటి బఠాణీ గింజంత ఉంటే ఉన్నిపోగుతో రఫ్ఫు చేసుకోవచ్చు, ఆ వంకన ధర తగ్గించి అడగొచ్చు. కన్నాల్లేకుండా నూగు మాత్రం వంకరదారులుగా కొరికేసి ఉంటే ఎక్కువ జాగ్రత్త పడాలి. అక్కడ పోగు సగం మందమే మిగిలి ఉంటుంది. రెండు చేతుల బొటనవేళ్లు దగ్గరగా పెట్టి గుడ్డను చటుక్కున లాగండి. పొడిగా చిటపటమని తెగుతున్న శబ్దం వస్తే కుళ్లు పట్టిందన్నమాట, దాన్ని ఏ కుట్టూ బాగుచేయలేదు. పొడవాటి మడత వెంట రంగు వెలిసి ఉంటే, ఏళ్లతరబడి ఎండ తగిలేచోట మడిచి ఉంచారు. ఆ మడత వెంటే ముందు తెగుతుంది.

కుదించుకుపోయిన కంబళి మాత్రం ఈ సంతలో దాచిపెట్టిన నిధి. ఎవరో మెషీన్లో వేడినీళ్లకి వేసేసి, పాడైపోయిందనుకుని అగ్గువకి వదిలించుకుంటారు. 84కి 66 ఉన్న నాలుగు పౌన్ల కంబళి 72కి 56 అయిందనుకోండి. ఉన్ని ఎక్కడికీ పోలేదు, విస్తీర్ణం 2.6 చదరపు మీటర్లకి దిగింది, మీటరుకు 697 గ్రాములయింది. అంతర్యుద్ధపు కంబళి కంటే దట్టం. అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి కాళ్ల కింద మడవడానికి అది చాలదు, నిజమే. ఒంటి కింద పరుపుగానో, పగలు భుజాల మీద మ్యాచ్‌కోటుగానో (కంబళినే కోటులా చుట్టుకునేది) దాన్ని మించింది లేదు.

355 గ్రాముల పడకగది కంబళిని ఇంట్లోనే ఇలా దట్టించుకోవచ్చు. ముందు కొసలకున్న శాటిన్ అంచుపట్టీ విప్పేయండి, లేకపోతే ఉన్ని కుదించుకుంటే పట్టీ కుదించుకోక కుచ్చులు పడుతుంది. కొలిచి, 40 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు తిప్పి, తీసి, మళ్లీ కొలవండి. చాలకపోతే ఇంకో పది నిమిషాలు. రెండు వైపులా నూటికి 12 వంతులు తగ్గితే 66కి 90 కాస్తా 58కి 79 అవుతుంది, గ్రాములు 460కి ఎక్కుతాయి. అక్కడ ఆపండి. ఒక్క గంట వదిలేసి వెళితే కుక్కపిల్ల పక్క మిగులుతుంది. కుదించిన ఉన్నిని వెనక్కి సాగదీసే మార్గం లేదు. కత్తిరించే పనేదైనా ఉంటే ఇదయ్యాకే.

ఇంటికి తెచ్చిన కంబళిని నేరుగా బీరువాలో పెట్టకండి. వాడిన కంబళికి ఆ దేశంలో చీకటి చరిత్ర కూడా ఉంది: 1763 జూన్‌లో ఫోర్ట్ పిట్‌లో మశూచి ఆసుపత్రి నుంచి రెండు కంబళ్లు, ఒక చేతిరుమాలు తెచ్చి, చర్చలకు వచ్చిన డెలవేర్ తెగ ప్రతినిధుల చేతుల్లో పెట్టారు. ఇప్పుడు మన భయం నల్లులు, చిమ్మెటగుడ్లు. పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి పిండేసి మూతికట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో వారం ఉంచండి. తీసి ఒకరోజు బయట పెట్టి, మళ్లీ ఇంకో వారం. గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు, విప్పితే చెమ్మ కంబళికే పడుతుంది.

కలరా ఉండల వాసన ఉతికితే పోదు, ఎందుకంటే నాఫ్తలిన్ నీళ్లలో కరగదు. అది ఆవిరై పోవాల్సిందే. గాలి ఆడే నీడలో తీగ మీద వారాల తరబడి వేలాడదీయండి, వేసవిలో తొందరగా పోతుంది. బూజువాసన మాత్రం ఉతుకుతోనే తగ్గుతుంది. స్నానాల తొట్టిలో 30 డిగ్రీల నీళ్లు, ఉన్నికని అమ్మే ద్రవసబ్బు. మామూలు సబ్బుపొడుల్లో మాంసకృత్తుల మరకలు తినే ఎంజైములు ఉంటాయి, ఉన్ని కూడా మాంసకృత్తే కాబట్టి దాన్నీ తింటాయి. అరగంట నానబెట్టి, పిసకకుండా అదిమి, అంతే వేడి నీళ్లలో జాడించండి. తడి కంబళిని ఒక్క తీగ మీద వేస్తే సొంత బరువుకే సాగిపోతుంది, మూడు తీగల మీద పరిచి నీడలో ఆరనివ్వండి.

కాలానికి తగ్గట్టు

శాటిన్ పట్టీ విప్పిన కొసకు ముదురు ఉన్నిదారంతో కాజా కుట్టు వేయండి. బాగా దట్టించిన గుడ్డకి అదీ అక్కర్లేదు, కోసిన అంచే పోగులు విడకుండా నిలుస్తుంది. ఆలివ్ రంగునీ, నడుమ యు.ఎస్. అక్షరాలనీ దాచాలంటే నల్ల అక్రోటు పైతొక్కు రంగు వేయొచ్చు. దానికి పటిక అక్కర్లేదు. నీళ్లు మెల్లగా వేడెక్కాలి, మరగకూడదు, రంగు పట్టాక కంబళి ఆ నీళ్లలోనే చల్లారాలి. ముదురు గోధుమరంగులో అక్షరాలు లీలగా మాత్రమే మిగులుతాయి. హోటల్ పేరు నేతలోనే ఉంటే రంగుతో పోదు, ఆ భాగం కాళ్ల దగ్గరి మడతలోకి వెళ్లేలా చూసుకోవడమే.

పట్టీ వెడల్పు అంగుళమా, రెండా అని గంటలు వాదించి, రాత్రికి కంబళి కింద ఫోమ్ చాప దాచుకునేవాళ్లున్నారు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమంటే ఇదే.

గొంగడి మాట వచ్చింది కాబట్టి: తెలంగాణలో కురుమలు నేసే దక్కనీ నల్లగొర్రె ఉన్ని గొంగడి ఈ అమెరికా వేషానికి సరిపోదు. రంగు వేరు, చింతగింజల గంజి పెట్టిన ఆ బిరుసు వేరు. ఆ బిరుసే దాని బలం, తలమీంచి కప్పుకుంటే వాన జారిపోతుంది. తరచుగా ఉతికితే గంజి పోయి ఆ గుణం సడలుతుంది. నల్లమల దారుల్లో మన పాతకాలపు కాపరిలా నడవాలనుకునేవాడికి మాత్రం విట్నీ కంబళి కంటే గొంగడే చరిత్రకు దగ్గర. ఆ రకం ట్రెక్కింగ్ తెలుగునాట ఎవరైనా పట్టాలెక్కిస్తే బాగుండును.

బరువు గురించి అబద్ధం ఆడొద్దు. 500 గ్రాముల కంబళ్లు రెండు అంటే మూడున్నర కిలోలు పైనే. అంతే వెచ్చదనం ఇచ్చే ఈకల స్లీపింగ్ బ్యాగు కిలో తూగదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమ తాగినా తడిగా అనిపించదంటారు, నిజమే, కానీ ఆ తేమ మోసేది మన భుజమే. అందుకే రెండూ పైన కప్పుకోకండి. ఒంటి బరువుకి కింద ఉన్న ఉన్ని అణిగిపోతుంది, నేల వేడిని లాగేస్తుంది. ఎండుటాకులు జానెడు మందం పరిచి, దాని మీద అవిసెనూనె పట్టించిన గుడ్డ, దాని మీద కుదించుకుపోయిన ఆ దట్టమైన కంబళి. పెద్దదాన్ని మూడు మడతలుగా, ఒక మడత ఒంటి కిందకి వచ్చేలా చుట్టుకుని, కాళ్ల దగ్గర జానెడు లోపలికి మడవండి. భుజం దగ్గర ఒక ఇనుప పిన్ను.

ఆ గుడ్డకి అవిసెనూనె పట్టించిన పీలికల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె గాలితో కలిసి ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి పీలికలు తమంతట తామే అంటుకుంటాయి. విడివిడిగా బయట తీగ మీద ఆరేసి, గట్టిపడ్డాకే చెత్తలో వేయండి.